లోపలి గాయం మానేదెలా?

"కుట్టు లేదు, కట్టు లేదు. ఇదేం ఆపరేషనమ్మా?" ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక గుడి ముంగిట ఒక పెద్దావిడ తన కోడలిని ఇలా అడుగుతుండగా విన్నాను. ఆమె కొడుకుకు అంతకు మూడు రోజుల ముందు, గురువారం నాడు, కొలనోస్కోపీ చేసి పెద్దపేగులో కుడివైపున ఉన్న ఒక పాలిప్‌ను తీసివేశారు. పాలిప్ అంటే పేగు లోపలి పొర మీద పుట్టగొడుగులా పెరిగే కణితి. దాని వెడల్పు రెండున్నర సెంటీమీటర్లు. సాయంత్రానికల్లా ఇంటికి పంపించారు. పొట్ట మీద చిన్న గీత కూడా లేదు. సోమవారం నుంచి ఆ అబ్బాయి మామూలుగా హైటెక్ సిటీలోని తన ఆఫీసుకు, రాత్రి షిఫ్టుకు వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజున మలంలో రక్తం కనిపించింది. మొలలనుకున్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మరునాడు ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడితే తోటివారు ఆసుపత్రికి చేర్చారు. రక్తం ఎక్కించారు. మళ్ళీ కొలనోస్కోపీ చేసి, పాలిప్ తీసినచోట తెరుచుకున్న రక్తనాళాన్ని క్లిప్పులతో మూశారు. ప్రాణానికి ముప్పు తప్పింది. మొదటిసారి ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు ఇచ్చిన కాగితంలో ఈ ప్రమాదం గురించి రాసే ఉంది. అది ఇంగ్లీషులో ఉంది కనుక తల్లి చదవలేకపోయింది. చదవగలిగిన కొడుకు చదవలేదు.

ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. ఆ రోజు అక్కడ నిలబడిన వారిలో ఎవరూ దానికి సరైన జవాబు చెప్పలేదు, నాతో సహా. ఈ వారం ఈ శీర్షికలో ఆ జవాబు చెప్పుకుందాం.

ఈ విషయానికీ మన ప్రాంతానికీ దగ్గరి సంబంధం ఉంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు మాదాపూర్, గచ్చిబౌలి చుట్టూ బండరాళ్ళు, పొలాలే ఎక్కువ. నేడు అక్కడ కంప్యూటర్ కంపెనీలతో పాటు పెద్ద పెద్ద ఆసుపత్రులూ వెలిశాయి. గచ్చిబౌలి మైండ్‌స్పేస్ రోడ్డులో ఉన్న ఏఐజీ ఆసుపత్రి జీర్ణకోశ వ్యాధుల చికిత్సకు ప్రపంచంలోనే పేరు పొందింది. దాని అధిపతి డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి విశాఖపట్నంలో పుట్టి, కర్నూలు వైద్య కళాశాలలో చదివినవారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది. ఈ చుట్టుపక్కల విచారణల్లో ఎండోస్కోపీ మాట వినని కుటుంబం నేడు లేదనే చెప్పాలి. ఊళ్ళ నుంచి వచ్చిన అత్తమామలకో, తల్లిదండ్రులకో, రాత్రుళ్ళు మేలుకుని వేళకు తినని పిల్లలకో, ఎవరో ఒకరికి ఆ గొట్టం అనుభవమే.

ముందుగా మన జీర్ణనాళం గోడ ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. అన్నవాహిక అయినా, జీర్ణాశయం అయినా, పేగు అయినా దాని గోడ ఒకే పొర కాదు. అన్నిటికన్నా లోపల మెత్తని, తడి గల శ్లేష్మపొర. దాని కింద గట్టి నార వంటి పొర, అందులోనే రక్తనాళాలు. ఆ తర్వాత కండరం. జీర్ణాశయానికీ, పేగులో ఎక్కువ భాగానికీ అన్నిటికన్నా బయట నిగనిగలాడే పలుచని తొడుగు కూడా ఉంటుంది. శ్లేష్మపొర కింది నార పొరే గోడకు అసలు బలం. 1887లో అమెరికాలో హాల్‌స్టెడ్ అనే శస్త్రవైద్యుడు ఈ సంగతి రుజువు చేశాడు. కుట్టు ఆ పొరను పట్టుకుంటేనే నిలుస్తుంది, లేకపోతే తెగిపోతుంది. అంతకు అరవై ఏళ్ళ ముందే, 1826లో, పారిస్‌లో లాంబేర్ అనే వైద్యుడు మరొక సంగతి కనిపెట్టాడు. పేగు అంచులను లోపలికి మడిచి, బయటి తొడుగులు రెండూ ఒకదానికొకటి తగిలేలా కుడితే అవి త్వరగా అతుక్కుంటాయి. చేతితో కుట్టినా, గొట్టం గుండా పంపిన క్లిప్పుతో మూసినా ఈ పాత పాఠాలు నేటికీ అవే.

దేవుడు ఈ గోడకు ఇచ్చిన శక్తి గొప్పది. జీర్ణాశయపు లోపలి పొరలోని పైకణాలు కొద్ది రోజులకు ఒకసారి పూర్తిగా మారిపోతాయి. పైపైన గీరుకుపోతే పక్కనున్న కణాలు నిమిషాల్లోనే కదిలి, ఖాళీ మీదికి పాకి కప్పేస్తాయి. కొత్త కణాలు పుట్టేదాకా కూడా ఆగవు. కానీ గాయం నార పొర దాకా దిగితే సంగతి వేరు. మొదట రక్తం గడ్డకట్టాలి. తర్వాత చెత్తను తినే కణాలు వచ్చి శుభ్రం చేయాలి. ఆ పిమ్మట కొత్త రక్తనాళాలు, కొత్త నారలు పుట్టాలి. ఇదంతా రోజుల పని, ఒక్కోసారి వారాల పని. మొదటి వారంలో గాయపు అంచులను పట్టి ఉంచేది ఎక్కువగా ఆ కుట్టో, క్లిప్పో. శరీరం తాను చేసుకోవలసిన అతుకు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అతుక్కోవలసినవి సకాలంలో అతుక్కోకపోతే ఏమవుతుంది? దీనికి వైద్య చరిత్రలో ఒక కతోలికుని కథ ఉంది. 1822 జూన్ 6న అమెరికాలోని మాకినా ద్వీపంలో అలెక్సి సాన్ మార్తాన్ అనే ఇరవై ఏళ్ళ కెనడా యువకుడికి పొరపాటున తుపాకీ పేలి పొట్ట పైభాగంలో గాయమైంది. బతకడనుకున్నారు. బోమాంట్ అనే సైనిక వైద్యుడు బతికించాడు. కానీ జీర్ణాశయానికి పడిన రంధ్రపు అంచులు పైచర్మపు అంచులతో కలిసి అతుక్కున్నాయి. లోపలి పొర రంధ్రం చుట్టూ ఒరలా పెరిగింది. అలా ఒర కట్టిన రంధ్రం ఇక మూసుకోదు. ఆ కిటికీ గుండా బోమాంట్ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, అన్నం ఎలా జీర్ణమవుతుందో 1833లో పుస్తకం రాశాడు. ఆ పేదవాడు ఆ రంధ్రంతోనే 58 ఏళ్ళు బతికి 1880లో చనిపోయాడు. వైద్యులు అతని జీర్ణాశయాన్ని తీసుకుపోతారేమోనన్న భయంతో కుటుంబీకులు శరీరం చెడిపోయేదాకా ఆగి, క్వెబెక్‌లో తమ విచారణ శ్మశానంలో లోతుగా పాతిపెట్టారు. విజ్ఞానానికి మేలు జరిగిన మాట నిజమే. కానీ కూలి మనిషి పొట్టను కిటికీలా వాడుకోవడం నాకు నేటికీ మింగుడుపడదు.

ఈ కథలోని పాఠం నేటి వైద్యులకూ పనికివచ్చేదే. కొత్త రంధ్రం మూయడం సులువు. వారాలు గడిచి అంచులు ఒర కట్టిన రంధ్రాన్ని మూయడం చాలా కష్టం. అందుకే లోపల ఏదైనా చిల్లు పడిందని అనుమానం వస్తే గంటలు లెక్కపెట్టాలి.

ఇక మన హైదరాబాదు సంగతి. పొట్ట మీద కోత పెట్టకుండా, నోటి గుండా గొట్టం పంపి, జీర్ణాశయపు గోడకే చిన్న రంధ్రం చేసి, అందులోంచి పొట్ట లోపలికి వెళ్ళి అపెండిక్స్‌ను తీసుకురావడం! వింటే కట్టుకథలా ఉంటుంది. డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి, ఆయన సహచరుడైన శస్త్రవైద్యులు డాక్టర్ జి.వి. రావు ఇది మనిషికి చేసి, 2004 ఫిబ్రవరి చివర జైపూర్‌లో జరిగిన జాతీయ ఎండోస్కోపీ సదస్సులో వివరించారు. మొదటి రోగికి పొట్ట చర్మమంతా కాలిన మచ్చలే. పైనుంచి కోయడం ప్రమాదం కనుక లోపలి దారి వెతికారు. అదే ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు పందుల మీద చేసిన ఇటువంటి ప్రయోగాలను ప్రచురించారు. ప్రపంచమంతా మన ఊరి వైపు చూసింది.

అయితే అందరూ వేసిన ప్రశ్న ఒక్కటే. లోపలికి వెళ్ళారు సరే, వచ్చేటప్పుడు తలుపు ఎలా వేస్తారు? జీర్ణాశయంలో ఆమ్లం ఉంటుంది, అన్నం ఉంటుంది, సూక్ష్మజీవులు ఉంటాయి. ఒక్క చుక్క పొట్ట లోపలికి కారినా జ్వరం, చీము, ప్రాణాపాయం. చర్మం మీది కుట్టు ఒకటి ఊడితే కనిపిస్తుంది. లోపలి కుట్టు ఊడితే ఎవరు చూస్తారు? 2006లో అమెరికా నిపుణులు వెలువరించిన పత్రంలో ఈ పద్ధతికి ఉన్న అడ్డంకుల్లో జీర్ణాశయాన్ని భద్రంగా మూయడం ముందు వరుసలో చేరింది. ఆ పద్ధతి ఊహించినంతగా వాడుకలోకి రాలేదు. అపెండిక్స్‌కు నేటికీ పొట్ట మీద మూడు చిన్న రంధ్రాలు చేసే లాపరోస్కోపీయే మామూలు. అయినా ఆ శ్రమ వృథా పోలేదు. తలుపు మూయడానికి కనిపెట్టిన పనిముట్లు, ఉపాయాలు ఇతర రోగులకు పనికివచ్చాయి.

ఆ పనిముట్లలో ఎక్కువగా వాడేది క్లిప్పు. బట్టలకు పెట్టే క్లిప్పు లాంటిదే, కానీ గొట్టంలోని సన్నని దారి గుండా, దాదాపు మూడు మిల్లీమీటర్ల దారి గుండా, వెళ్ళగలంత చిన్నది. లోపలికి వెళ్ళాక దవడలు తెరిచి, గాయపు రెండు అంచులను పట్టి, మూసి వదిలేస్తారు. అవసరాన్ని బట్టి వరుసగా అయిదారు కూడా పెడతారు. గాయం మానాక అవి వాటంతట అవే రాలి మలంలో పోతాయి. కానీ చిన్న క్లిప్పు పట్టేది ఎక్కువగా పై పొరనే. గోడ మొత్తం చిల్లు పడితే ఎలుగుబంటికి పెట్టే బోను ఆకారంలో ఉండే పెద్ద క్లిప్పు ఉంది. గొట్టం మూతికి టోపీలా తొడిగి, చిల్లు అంచులను టోపీలోకి పీల్చి, బోను వదులుతారు. అది గోడ మందాన్నంతా పట్టుకుంటుంది. నైటినాల్ అనే లోహంతో చేస్తారు కనుక విడవగానే తన ఆకారానికి తానే బిగుసుకుంటుంది. ఇంకా పెద్ద గాయమైతే గొట్టం చివర వంకర సూది అమర్చి నిజంగానే దారంతో కుట్టే యంత్రం కూడా వచ్చింది. క్లిప్పుల చుట్టూ నైలాను ఉచ్చు వేసి సంచి మూతి బిగించినట్టు బిగించే ఉపాయమూ ఉంది. గొట్టం గుండా మామూలు గాలికి బదులు బొగ్గుపులుసు వాయువును పంపడం మరొక జాగ్రత్త. అది రక్తంలో త్వరగా కలిసి ఊపిరితో బయటకు పోతుంది, పొట్ట ఉబ్బి గాయం లాగబడే బాధ తగ్గుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చట గొలిపేది పోయెమ్ అనే చికిత్సలో గాయం మూసే తీరు. అన్నవాహిక చివరి కండరం విప్పుకోక అన్నం దిగని వ్యాధి ఒకటుంది. దాని పేరు అకలేషియా. రోగి తిన్నది గొంతుకే తిరిగి వస్తుంది, మనిషి చిక్కిపోతాడు. జపాన్‌లో డాక్టర్ ఇనోయె 2008లో దీనికి కొత్త చికిత్స మొదలుపెట్టాడు. అన్నవాహికలో పైన రెండు సెంటీమీటర్ల చిన్న కోత పెట్టి, లోపలి పొరకూ కండరానికీ మధ్య సొరంగం తవ్వుకుంటూ కిందికి దిగి, బిగుసుకున్న కండరాన్ని అక్కడ కోస్తారు. పై పొరలో కోత ఒకచోట, కండరంలో కోత మరోచోట. మధ్యలో చెక్కుచెదరని పొర తెరలా నిలుస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు పైనున్న చిన్న ద్వారాన్ని మాత్రం క్లిప్పులతో జిప్పు వేసినట్టు మూస్తే చాలు. పాతకాలపు లోగిళ్ళలో వీధి గుమ్మానికి ఎదురుగా పడకగది తలుపు పెట్టేవారు కాదు. ఇదీ అంతే. ఏఐజీ వైద్యులు నాలుగు వందలకు పైగా రోగులకు ఈ చికిత్స చేసిన అనుభవాన్ని 2017లో ప్రచురించారు.

ప్రతి గాయాన్నీ మూయాలా? అక్కరలేదు. జీర్ణాశయంలో తొలి దశ క్యాన్సరును పొరలా చెక్కి తీసినప్పుడు అరచేతిలో సగమంత పుండు మిగలవచ్చు. దాన్ని తరచూ తెరిచే ఉంచి, ఆమ్లం తగ్గించే మాత్రలు వాడిస్తారు. సుమారు ఎనిమిది వారాల్లో అదే మానుతుంది. పెద్దపేగులో చిన్న పాలిప్ తీసినచోట కూడా చాలాసార్లు ఏమీ పెట్టరు. కానీ 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఒక సంగతి తేల్చింది. పెద్దపేగు కుడి భాగంలో రెండు సెంటీమీటర్లు, అంతకు మించిన పాలిప్ తీశాక గాయాన్ని క్లిప్పులతో మూస్తే తర్వాత తీవ్ర రక్తస్రావం నూటికి 3.3 మందికి వచ్చింది. మూయకపోతే 9.6 మందికి వచ్చింది. మన కథలోని అబ్బాయి పాలిప్ ఈ కోవలోదే. క్లిప్పులు ఖరీదైనవి, ప్రతివారికీ అవసరం లేదు. "లోపల గాయం ఎంత? మూశారా, తెరిచి ఉంచారా? ఎన్నాళ్ళు జాగ్రత్త?" అని వైద్యుడిని మర్యాదగా అడగడం మాత్రం తప్పు కాదు. మంచి వైద్యుడు నొచ్చుకోడు.

ఇక ఇంట్లోవారి వంతు. లూకా సువార్తలోని మంచి సమరీయుని ఉపమానంలో మనం నూనె, ద్రాక్షారసం, కట్టు గుర్తుంచుకుంటాం. మరునాటి సంగతి మరిచిపోతాం. అతడు రెండు దీనారములు సత్రపువాని చేతికిచ్చి, తాను తిరిగి వచ్చేదాకా ఆ మనిషిని చూసుకోమని అప్పగించి వెళ్ళాడు. ఎండోస్కోపీ తర్వాత ఆ సత్రం మన ఇల్లే. 2021 జూలై 4న పోప్ ఫ్రాన్సిస్ గారికి రోములో పెద్దపేగు ఆపరేషన్ జరిగింది. పది రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. ఆదివారం త్రికాల జపం కూడా ఆసుపత్రి బాల్కనీ నుంచే చెప్పారు. పొట్ట మీద కట్టు ఉన్నవారికి లోకమంతా అలా గడువు ఇస్తుంది. కట్టు కనిపించనివారికి ఇంటివారే ఇవ్వాలి.

మొదటి పని, ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితాన్ని ఇంట్లో చదవగలిగినవారు బిగ్గరగా తెలుగులో చదివి వినిపించాలి. ఎన్ని రోజులు గంజి, జావ, మజ్జిగ, ఎప్పుడు ఇడ్లీ, పెరుగన్నం, ఎప్పుడు మామూలు భోజనం అన్నది చికిత్సను బట్టి మారుతుంది. పాలిప్ తీసినవారికి ఒకటి రెండు రోజులు చాలవచ్చు, పోయెమ్ అయినవారికి వారం పైన పట్టవచ్చు. ముక్కలు గొంతు దిగుతున్నాయి కదా అని బిర్యానీ పెట్టడం ప్రేమ కాదు. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వైద్యుడిని అడగకుండా వేసుకోవద్దు. గుండె జబ్బుకు, పక్షవాతానికి రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారు వాటిని తామంతట తాము ఆపనూ కూడదు, మొదలుపెట్టనూ కూడదు. తేదీ వైద్యుడే కాగితం మీద రాయాలి. బరువులెత్తడం, దూర ప్రయాణం, విమాన ప్రయాణం గురించి ముందే అడగాలి. ఈ ప్రాంతపు పిల్లలకు కంపెనీ పని మీద రేపే బెంగుళూరు వెళ్ళాలనడం మామూలే కదా. క్లిప్పులు ఉన్నవారికి ఎమ్మారై తీయవలసి వస్తే ఆ సంగతి ముందుగా చెప్పాలి.

రక్తస్రావం రెండు వారాల దాకా ఎప్పుడైనా రావచ్చు. మలం తారులా నల్లగా జిగటగా ఉన్నా, ఎర్రని రక్తం పడినా, కళ్ళు తిరిగినా, గుండె దడదడలాడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వాడేవారికి మలం నల్లబడటం మామూలే, ఆ సంగతి వైద్యునికి చెబితే తికమక ఉండదు. గంటగంటకూ పెరిగే పొట్టనొప్పి, పొట్ట చెక్కలా బిగుసుకుపోవడం, చలిజ్వరం, భుజంలోకి పాకే నొప్పి చిల్లుకు గుర్తులు. అన్నవాహిక చికిత్స తర్వాత మెడ చర్మం కింద నొక్కితే కరకరలాడినా, ఛాతీలో నొప్పి వచ్చినా అంతే. వీటిని గ్యాస్ అని సోడా తాగి పడుకోకూడదు. చికిత్స చేసిన చోటికే వెళ్ళడం మేలు, దూరమైతే దగ్గరి ఆసుపత్రికి ఆ కాగితం తీసుకుని వెళ్ళాలి. వెంట తేనెతో, మూలికలతో వేచి చూడటం వద్దు. సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం వైద్యుని గౌరవించమంటుంది, అదే చోట ప్రార్థించమనీ అంటుంది. రెండూ ఒకే పుటలో ఉన్నాయి.

భక్తి గల పెద్దలకు ఒక మాట. తపస్సు కాలంలో ఇటువంటి చికిత్స జరిగితే విభూతి బుధవారమైనా, శుభ శుక్రవారమైనా ఉపవాసం ఉండనక్కరలేదు. రోగులకు ఆ నియమం వర్తించదు. దివ్యసత్ప్రసాదానికి ముందు ఒక గంట ఉపవాసం కూడా రోగులకూ, వృద్ధులకూ, వారికి సేవ చేసేవారికీ తప్పనిసరి కాదు. మంచినీళ్ళు, మందులు ఎవరికీ ఉపవాస భంగం కావు. ఆమ్లం తగ్గించే మాత్ర పరగడుపున వేసుకోవలసినదైతే వేసుకునే పూజకు రావాలి. గట్టి పదార్థం మింగరాదని వైద్యులు చెప్పిన రోజుల్లో విచారణ గురువులకు ముందే తెలియజేస్తే అప్పంలో చిన్న తునకనో, అది కూడా వీలుకాకపోతే ద్రాక్షారస రూపంలోనో ఇవ్వడానికి శ్రీసభ చట్టం అనుమతిస్తుంది. తీవ్రమైన వ్యాధి కారణంగా ఆపరేషన్‌కు వెళ్ళేవారు ముందుగా వ్యాధిగ్రస్తుల అభ్యంగనం పొందవచ్చు. అది చివరి ఘడియల కోసమేనన్న భయం మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

ఆ అబ్బాయికి ఆరు నెలల తర్వాత మళ్ళీ కొలనోస్కోపీ చేశారు. తల్లి కూడా వెంట వెళ్ళింది. గాయం ఉన్నచోట చుట్టూ మడతలు సన్నగా లాగబడి, నడుమ తెల్లని చిన్న మచ్చ ఉంది. క్లిప్పులు ఒక్కటీ లేవు, ఎప్పుడు రాలిపోయాయో అతనికే తెలియదు. డాక్టరు ఆ బొమ్మను కంప్యూటర్ తెర మీద చూపించి, ఇదీ మీ అబ్బాయి ఆపరేషన్ మచ్చ అన్నారట. ఆ బొమ్మను ముద్రించి ఇమ్మని ఆమె అడిగి తెచ్చుకుంది.